నేల చూసే తమ్ముడు

మొన్న ఆదివారం ఆరాధనలో శామ్యూల్ గారు మైకు అందుకుని, "మన బ్రదర్ ఎంత వినయం గల మనిషో మీకందరికీ తెలుసు. ఎప్పుడు చూసినా తల దించుకునే ఉండేవాడు. హల్లెలూయా" అన్నారు. జనమంతా ఆమెన్ అన్నారు. నాకు ఒళ్లు భగ్గుమంది.

శామ్యూల్ గారు మా సంఘపెద్ద. వయసులోనూ నాకన్నా పెద్దవారు. అయినా చెప్పకుండా ఉండలేను. ఆ బ్రదర్ తల దించుకున్నది వినయంతో కాదు, నేల చూడటానికి. అసలు అతనిలో వినయం పెద్దగా ఉండేది కాదు. ఉన్నది మొండితనం. పోయినవాళ్లకి లేని గుణాలు అంటగట్టి పాతిపెట్టడం మావాళ్లకి అలవాటు. బతికున్నప్పుడు ఉన్న గుణాలను భరించలేకపోయినవాళ్లే ఆ పని మరీ శ్రద్ధగా చేస్తారు.

అమెరికాలో ఈ క్యారీ ఊళ్లో మా తెలుగు సహవాసానికి సొంత చర్చి లేదు. పొద్దున అమెరికన్లు ఆరాధన ముగించుకుని వెళ్లాక మధ్యాహ్నం వాళ్ల హాలు మేం అద్దెకు వాడుకుంటాం. పొడుగాటి హాలు, గళ్లగళ్ల టైల్స్. అతన్ని మొదటిసారి చూసింది అక్కడే. గోడవారన గొంతుక్కూర్చుని, చెంప దాదాపు నేలకి ఆనించి, ఒక కన్ను మూసి హాలు అవతలి కొసకి చూస్తున్నాడు. కాంటాక్ట్ లెన్స్ పడిపోయిందేమోనని నేనూ పక్కన వంగాను.

"ఏం పోయింది తమ్ముడూ?"

"ఏం పోలేదక్కా. ఆ చివరి టైలు చూస్తున్నా."

"దానికేమైంది?"

"ఏం కాలేదు, అదే వింత. మన కళ్లకి చివరిదాకా గీత గీతలాగే ఉంది కదా? గేమ్‌లో అయితే సగం దూరం పోయేసరికి పేడతో అలికినట్టు అయిపోతుంది."

నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చర్చి నేల మీద చెంప పెట్టి చెప్పిన మాట ఇది. పిచ్చివాడనుకున్నాను. తర్వాత ఇండియన్ స్టోర్లో బియ్యం బస్తాల మధ్య అదే భంగిమలో చూశాను. పిక్నిక్ ఫొటోల్లో అందరూ కెమెరా వైపు చూస్తుంటే అతను పార్కింగ్ లాట్ వైపు చూస్తుండేవాడు.

వీడియో గేములు అమ్మకానికి రాకముందు వాటిని పరీక్షించే కంపెనీలో అతని ఉద్యోగం. ఏ గేము ఏ కంప్యూటర్లో ఎక్కడ నత్తనడక నడుస్తోంది, ఏ సెట్టింగ్ తగ్గిస్తే వేగం వస్తుంది, ఏది తగ్గించినా లాభం లేదు, ఇవన్నీ తేల్చి చెప్పాలి. ఆ సెట్టింగులన్నిటిలో అతని ప్రాణం టెక్స్‌చర్ ఫిల్టరింగ్ మీద ఉండేది. నాకు అర్థమైనంతలో చెబుతాను. గేములో నేల అంటే ఒక బొమ్మ. చాప పరిచినట్టు దాన్ని పరుస్తారు. కాళ్ల దగ్గర బాగానే ఉంటుంది. దూరం పోయేకొద్దీ చాప ఏటవాలుగా కనబడుతుంది, బొమ్మలో బోలెడంత భాగం తెర మీద ఒక్క చుక్కలో ఇరుక్కోవాలి. ఆ చుక్కకి ఏ రంగు వేయాలో కంప్యూటర్ తేల్చుకోవాలి. చౌక పద్ధతిలో అయితే చుట్టూ ఉన్నదంతా కలిపి సగటు తీసి పూసేస్తుంది. అలికినట్టు అయ్యేది అందుకే. ఇంకో పద్ధతిలో నేల ఎటు వాలి ఉందో చూసుకుని, ఆ వాలు వెంబడి మరికొన్నిసార్లు తొంగిచూసి అప్పుడు రంగు తేలుస్తుంది. దాని పూర్తి పేరుకి నా నోరు ఎప్పుడూ తిరగలేదు. అతను ఏఎఫ్ అనేవాడు.

"దూరాన ఉన్నదాన్ని ఇంకొంచెం ఓపిగ్గా చూడటం. అంతే అక్కా."

అతనికి ఒక్క విషయంలోనే కోపం వచ్చేది. గేము నెమ్మదిస్తే జనం ముందుగా తగ్గించేది దీన్నేనట. ఒకసారి తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ భోజనాలయ్యాక కాలేజీలో చదివే మా అమ్మాయి జెస్సీ తన లాప్‌టాప్ పట్టుకుని అతని దగ్గరికి వెళ్లింది.

"అంకుల్, నా గేమ్ చాలా స్లో. అన్నీ 'లో'లో పెట్టాను, స్టిల్ లాగ్ అవుతుంది."

"అన్నీ 'లో'లోనా? ఎవరు చెప్పారమ్మా?"

"నోబడీ. మనం అంతే కదా అంకుల్. ఫస్ట్ అన్నీ తగ్గించేస్తాం. డాడీ ఇంట్లో హీటింగ్ థర్మోస్టాట్ తగ్గించినట్టు."

మా ఆయన పులిహోర ప్లేటుతో అక్కడే నిలబడి ఉన్నాడు. తమ్ముడు పగలబడి నవ్వాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, "ముందు కొలువు, తర్వాత తిట్టు" అన్నాడు. ఈ మాట అతని నోట ఎన్నిసార్లు విన్నానో. తెర మూలన ఒక అంకె కనబడేలా పెట్టాడు. అది గేము వేగం. ఏఎఫ్‌ని ఒక్కసారిగా పైకి తోశాడు. అంకె కాస్త ఊగి ఆగింది. దాన్ని అలాగే ఉంచి, నీడల సెట్టింగ్ తగ్గించాడు. అంకె ఎగిరి కూర్చుంది.

"చూశావా తల్లీ? తినేది నీడలు. నింద నేల మీద."

"ఓ మై గాడ్, ఆ కొండ మీద స్టెప్స్ కూడా కనబడుతుంది!"

దేవుడి పేరు ఊరికే ఎత్తకని నేను గసిరాను. అతను మాత్రం నా వైపు తిరిగి, "మరీ పాత లాప్‌టాపుల్లో దీనికీ కాస్త ఖర్చవుతుందక్కా, అబద్ధం చెప్పకూడదు" అన్నాడు, నేనేదో సాక్ష్యం అడిగినట్టు. అదీ అతని పద్ధతి. తన మాటకి ఎక్కడ మినహాయింపు ఉందో తనే చెప్పేవాడు. మా ప్రసంగీకుల్లో ఆ అలవాటు ఒక్కరికీ లేదు.

అతని రెండో పద్ధతి, ఒకేసారి రెండు సెట్టింగులు మార్చకపోవడం. ఇది ప్రార్థనలోనూ ఉండేది. ఆరాధన చివర ప్రార్థన అంశాలు చెప్పమంటే మావాళ్లు లేచి వీసా, గ్రీన్ కార్డ్, కొత్త ఇల్లు, పిల్లల అడ్మిషన్, మామగారి మోకాలు అన్నీ ఒక్క గుక్కలో చెబుతారు. అతను లేచి ఒక్కటే చెప్పి కూర్చునేవాడు.

"గ్రీన్ కార్డ్ సంగతి కూడా చెప్పొచ్చు కదా తమ్ముడూ?" అన్నాను ఒకసారి.

"ఒకేసారి రెండు మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో ఎలా తెలుస్తుందక్కా?"

"దేవుణ్ణి కూడా పరీక్షకి పెడతావా నువ్వు?"

"దేవుణ్ణి కాదు, నన్ను. నాకు నిజంగా ఏం కావాలో తేల్చుకోకుండా నోరు తెరవడం నాకు రాదు."

పోయిన సమ్మర్‌లో అతనికి లివర్‌లో గడ్డ అన్నారు. అప్పటికే ఆలస్యమైందన్నారు. ఆ ఆదివారం కూడా అతను లేచి ఒక్కటే అడిగాడు. స్వస్థత కాదు. "పెద్దలు మా ఇంటికి వచ్చి ప్రార్థన చేస్తే బాగుంటుంది. మా లావణ్య మిమ్మల్నెవరినీ చూడలేదు."

లావణ్య అతని భార్య, వరంగల్ అమ్మాయి. మా విశ్వాసంలోకి రాలేదు, అతనూ రమ్మని పట్టుబట్టలేదు. ఆదివారాలు అతన్ని హాలు దగ్గర దింపి వెళ్లిపోయేది. తనకి ఏమైనా అయితే ఆమెకి ఇక్కడ ఎవరూ లేరు. తన మనుషులు ఎలాంటివాళ్లో ఆమె ఒకసారి చూడాలి. అతను అడిగింది అదే. రోగి పెద్దలను పిలవాలి, పెద్దలు వెళ్లి నూనె రాసి ప్రార్థించాలి. ఇది మా సంఘం పెట్టుకున్న నియమం కాదు, బైబిలు వాక్యంలో ఉన్నది. నేను సండే స్కూల్లో పిల్లలకి చెబుతాను. అక్కడ షరతులేమీ రాసి లేవు. ఇల్లు ఎలా ఉండాలో రాసి లేదు.

శనివారం మధ్యాహ్నం వస్తామన్నారు. నేను ముందే వెళ్లాను. లావణ్య ఇల్లంతా తుడిచి, కార్పెట్ మీద ఉతికిన దుప్పటి పరిచింది. స్టవ్ మీద పెద్ద గిన్నెతో చాయ్. సమోసాలు ఇంట్లోనే చేసింది, స్టోర్‌వి అయితే బాగుండవని.

"ఎంతమంది వస్తరక్కా? కుర్చీలు చాలుతయా? పక్కింటోళ్లని అడగాల్నా?"

"ముగ్గురే అమ్మా. చాలుతాయి."

హాల్లో కిటికీ పక్కన బల్ల, దాని మీద అతని ఆఫీసు కంప్యూటర్. కంపెనీ ఇచ్చింది. ఒంట్లో బాగాలేకపోయినా ఓపిక ఉన్నంతసేపు దాని ముందే కూర్చునేవాడు. ఉద్యోగం ఉంటేనే వీసా, ఉద్యోగం ఉంటేనే ఇన్సూరెన్స్, ఇన్సూరెన్స్ ఉంటేనే మందు. తలుపు చప్పుడు వినగానే చేస్తున్న పని వదిలేసి లేచాడు. వదిలేసిన గేము దానంతటది మొదటి తెరకి వెళ్లింది. ఆ తెర మీద నిప్పుల్లో నిలబడ్డ కొమ్ముల రాక్షసుడు. తలుపు తెరవగానే శామ్యూల్ గారికి ఎదురుగా కనబడింది అదే.

ఆయన గడప అవతలే ఆగారు.

"ఇదేంటి బ్రదర్, ఇంట్లో?"

"గేమ్ అంకుల్. ఆఫీసు పని."

"అది సాతాను బొమ్మ."

"అవునంకుల్, బొమ్మే. ఉండండి, ఆపేస్తా."

ఆపేశాడు. తెర నల్లబడింది. శామ్యూల్ గారు కదల్లేదు.

"ఆపితే సరిపోదు బ్రదర్. ఇంట్లోంచి తీసేయాలి. అలాంటిది ఉన్నచోట మేం నూనె సీసా తెరవం."

"తీసేస్తే ఉద్యోగం పోతుందంకుల్. వీసా, ఇన్సూరెన్స్ అన్నీ..."

"అంటే మీకు విశ్వాసం లేదన్నమాట."

గోడ పట్టుకుని నిలబడ్డ రోగితో అన్న మాట అది. మిగతా ఇద్దరు పెద్దలూ ఆ రోజు మాత్రం తలలు దించుకుని నేల చూశారు. తర్వాత ముగ్గురూ మెట్లు దిగిపోయారు.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా వాళ్ల వెనకే పార్కింగ్‌లోకి పరిగెత్తాను.

"శామ్యూల్ గారూ! నూనె సీసా మీ జేబులోనే ఉంది. పైకి రండి."

"ఆవేశపడకండి సిస్టర్. పరిశుద్ధమైన దాన్ని ఎక్కడపడితే అక్కడ..."

"మీ ఇంటి హాల్లో గోడంత టీవీ ఉంది. అందులో రోజూ పరిశుద్ధమైనవే వస్తున్నాయా?"

"అది వార్తల కోసం సిస్టర్."

"రాత్రంతా క్రికెట్ కూడా వార్తలేనా?"

ఆయన కారు తలుపు వేసుకున్నారు. నేను అద్దం మీద కొట్టాను. అద్దం దించలేదు.

మనం ఎవరి పేరున బాప్తిస్మం తీసుకున్నామో ఆయన జనం అసహ్యించుకునే సుంకరుల ఇళ్లలో భోంచేశాడు. కుష్ఠరోగిని ముట్టుకున్నాడు. ఏ గడప దగ్గరా ఆగి లోపల ఏం వస్తువులున్నాయని అడగలేదు. నిజం దయ్యాలే ఆయన్ని చూసి పారిపోయాయి. మా సంఘపెద్ద బొమ్మ దయ్యాన్ని చూసి పారిపోయాడు. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. కానీ సిగ్గుపడాల్సింది నేను కాదు.

పైకి వెళ్లేసరికి లావణ్య కప్పుల్లో పోసిన చాయ్ మళ్లీ గిన్నెలోకి ఒంపుతోంది.

"వస్తరన్నవ్ గదా, నీవోళ్లు" అంది అతనితో. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది.

"వచ్చారు కదా" అన్నాడు అతను. "గడప దాకా."

నేను ప్రార్థన చేస్తానన్నాను. "మీరెప్పుడూ చేస్తారు కదక్కా" అన్నాడు. ఆ మాటలో తక్కువ చేయడం లేదు. పెద్దలు చేయాల్సింది పెద్దలు చేయాలి, నేను చేసేది నేను చేస్తాను, ఒకదాని బదులు ఇంకొకటి లెక్కలోకి రాదు. అతని లెక్క అంతే.

తర్వాతి వారం అతని దగ్గరికి వెళ్లి, మిగతా ఇద్దరు పెద్దలతో మాట్లాడానని, శామ్యూల్ గారిని ఎలాగైనా మళ్లీ తీసుకొస్తానని చెప్పాను. "ఒక్క గంట ఆ కంప్యూటర్ మీద దుప్పటి కప్పెయ్ తమ్ముడూ. నీ సొమ్మేం పోయింది?"

"కప్పితే దేవుడికి కనబడదా అక్కా?"

"దేవుడికి కాదురా, ఆయనకి."

"మరి ప్రార్థన ఎవరికి?"

ఆ మొండితనానికి అతన్ని చెంపదెబ్బ కొట్టాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తోంది. ఒక్క దుప్పటి కప్పి ఉంటే లావణ్య ఆ ప్రార్థన చూసేది. అతను కప్పలేదు. నా కోపం చూసి, మాట మార్చడానికేమో, "ఒకటి చూపిస్తా, ఇలా కూర్చోండి" అన్నాడు.

అతను ఆ గేములో ఎప్పుడూ ఒకేచోట నిలబడతాడని అప్పుడే తెలిసింది. రాళ్లు పరిచిన పొడుగాటి బాట, దాని చివర ఒక కోట తలుపు. చేతిలో కత్తి ఉంది. పక్కనుంచి ఎవరో బాణాలు వేస్తున్నారు. ఇతను కత్తి ఎత్తడు, బాట చూస్తుంటాడు. ఏఎఫ్ తగ్గించాడు. నాలుగడుగుల అవతల నుంచి రాళ్లన్నీ కలిసిపోయి బూడిద రంగు ముద్దయ్యాయి. మళ్లీ పెంచాడు. రాయి రాయీ విడివిడిగా వచ్చింది. చివరి తలుపు ముందు పరిచిన చెక్క పలకలు, వాటి మీద కొట్టిన మేకుల తలలు కూడా కనిపించాయి.

"మూలన అంకె చూడండి. ఎంత మారింది?"

"ఒకటి తగ్గింది."

"అంతే. ఎక్కువ చూసినందుకు దీనికి పోయిందేం లేదు. అయినా ముందు దీన్నే కోసేస్తారక్కా. చివర ఎవరు చూస్తారులే అని."

అతను గేము గురించే మాట్లాడుతున్నాడు. నాకు మాత్రం పార్కింగ్‌లో దించని కారు అద్దం గుర్తొచ్చింది.

మంచాన పడ్డాక కూడా పెద్దలు రాలేదు. సంఘం వాట్సాప్ గ్రూపులో మాత్రం చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చేవి. బొమ్మకి భయపడి ఇంటికి రాని సంఘం బొమ్మలే పంపింది. లావణ్య ఒకరోజు ఫోన్ చూపించి, "దీన్ని ఏమంటరక్కా, ఇదేనా ప్రార్థన?" అని అడిగింది. నేను ఫోన్ తీసుకుని బల్ల మీద బోర్లించాను. వాక్యం ఇంత చదివి ఏం లాభం?

భూస్థాపన గురువారం అయింది. మొన్న ఆదివారం, శామ్యూల్ గారు వినయం గురించి చెప్పిన ఆ ఆరాధన ముగిశాక, ఆదరణ ప్రార్థన కోసమని ఇంచుమించు సంఘమంతా బిర్యానీ ట్రేలతో వాళ్ల అపార్ట్‌మెంటుకి బయల్దేరింది. చనిపోయినవాళ్ల ఇంటికి రావడానికి మాకు ఎప్పుడూ కార్లు సరిపోతాయి. మెట్లెక్కుతూ శామ్యూల్ గారు నా పక్కకి వచ్చి మెల్లగా అడిగారు. "ఆ కంప్యూటర్ సంగతి చూశారా సిస్టర్?"

నేను ముందుకు వెళ్లి బెల్ కొట్టాను.

లావణ్య తలుపు తీసింది. కిటికీ పక్కన ఉండే బల్లని హాలు మధ్యకి జరిపి, తలుపుకి ఎదురుగా పెట్టింది. కంప్యూటర్ వెలుగుతోంది. తెర మీద రాళ్ల బాట.

"రండి. చెప్పులు ఆడ ఇడువుండి."

శామ్యూల్ గారు ఆగారు. మళ్లీ అదే గడప.

"అమ్మా, ఆ కంప్యూటర్..."

"రేపు కంపెనీవోళ్లు తీస్కపోతరు. అప్పటిదాంక ఇట్లనే ఉంటది."

"అది కాదమ్మా, ప్రార్థన చేసుకునేచోట అలాంటి బొమ్మ..."

"ఏం బొమ్మ? బాట అది. ఆయన దినాం చూసేటిది." ఆమె గొంతు లేవలేదు. "మొన్న ఆయన ఉండె, ఇది ఉండె. దీన్ని చూసి వాపస్ పోయిండ్రు. ఇయ్యాల ఆయన లేడు. ఇది ఉన్నది. రావాల్నంటే దీంతోనే రండి. నేనైతే దుప్పటి కప్ప."

మెట్ల మీద నిలబడ్డవాళ్ల చేతుల్లో బిర్యానీ ట్రే మూత కింద ఆవిరి చుక్కలు పడుతున్నాయి. ఆ రోజు నేల చూసిన ఇద్దరు పెద్దల్లో ఒకాయన వంగి బూట్లు విప్పి లోపలికి వచ్చాడు. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత అందరూ. శామ్యూల్ గారు బూట్లతో బయటే ఉన్నారు. చేయి నూనె సీసా ఉండే కోటు జేబు మీద ఉంది.

చాయ్ పెడతానని లావణ్య లేవబోతే చేయి పట్టి కూర్చోబెట్టాను. ప్రార్థన ఎవరు చేస్తారని ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. నేనే చేశాను. కళ్లు మూసుకోలేదు. ఆమెకి తోడుగా ఉండమని అడిగాను. ఒక్కటే అడిగాను. బాట చివర తలుపు ముందు పలకల మీద మేకులు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి.

నేను ముగించగానే బయట నుంచి శామ్యూల్ గారి గొంతు, అందరికన్నా పెద్దగా, ఆమెన్ అంది.

లావణ్య లేచి వెళ్లి తలుపు వేసింది.